పాత కారు: చెడిన మరమ్మతును సరిదిద్దడం – 3వ పాఠం: సిల్ విప్పడం, కొత్తది అతకడం

గత పాఠంలో గుడ్డ చుట్టిన అయస్కాంతంతోనూ, రంగు మందం కొలిచే మీటరుతోనూ కారంతా తడిమి పుట్టీ ఉన్నచోటల్లా చాక్‌పీస్‌తో గీశాం. ఇప్పుడు నాలుగడుగులు వెనక్కి జరిగి ఆ గీతలను చూడండి. తలుపు వెనక అంచు మీదా, దాని ఎదురుగా ఉన్న బాడీ అంచు మీదా మీటరు 1000 మైక్రాన్లు (అంటే 1 మి.మీ.) దాటిందా? కారుకు దెబ్బ తగిలే చోటు కాదది. తలుపు సందు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా ఉంటే, రంగు వేసినవాళ్లు అంచుకు పుట్టీ మెత్తి సందును సమానంగా చెక్కేశారన్నమాట. చూడ్డానికి బాగానే ఉంటుంది. సందు ఎందుకు పాడైందన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది. పైన పటారం, లోన లొటారం.

కారణం చాలాసార్లు తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవునా ఉండే పెట్టె లాంటి భాగంలో దొరుకుతుంది. అదే సిల్. అడుగున విడి ఛాసిస్ (బరువు మోసే చట్రం) లేని కారుకు, ముఖ్యంగా పైకప్పు లేని కారుకు, నడుం అదే. 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ రోడ్‌స్టర్‌లో బయటి సిల్, మధ్యలో నిలువు రేకు, లోపలి సిల్, దాని అడుగున ఇంకో కమ్మీ, అన్నీ కలిస్తేనే ఆ పెట్టెకు బలం. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో ఇదే చోట వేడిగాలి గొట్టం కూడా నడుస్తుంది. సిల్ సంగతి తేల్చకుండా తలుపు రేకు మీద పుట్టీ గీకడం మొదలుపెడితే ఆ పని రెండోసారి చేయాల్సి వస్తుంది. అందుకే అందరికీ కనిపించే రంగు పనిని ఈ పాఠాల్లో చివరికి పెట్టాం.

ముందు కొలత. కారు చక్రాల మీద ఉండగా తలుపు వెనక సందును పైన, మధ్యన, కింద కొలిచి రాసుకోండి. తర్వాత సిల్ మధ్యకు దగ్గరగా, నేల రేకు కింద గట్టి కమ్మీ ఉన్నచోట, చెక్కముక్క అడ్డం పెట్టి జాకీతో చక్రాలు లేవబోయేంత వరకు ఎత్తి మళ్లీ కొలవండి. కారు కిందికి మాత్రం దూరకండి. పైన సందు పెరిగి కింద తగ్గితే నడుం వంగుతున్నట్టే. అర మిల్లీమీటరు తేడాకు కంగారుపడక్కర్లేదు. 2 మి.మీ. దాటితే రేకు కోయక తప్పదు.

కోసే ముందు కారును కదలకుండా కట్టేయాలి. ఈ మెట్టు దాటేసినవాళ్ల కార్లే మళ్లీ మరమ్మతుకు వస్తాయి. చదునైన నేల మీద, సస్పెన్షన్ బిగించే గట్టి చోట్ల కింద నాలుగు స్టాండ్లు పెట్టి, కారును మట్టసంగా నిలపండి. సిల్ కింద స్టాండు పెట్టకూడదు, మనం కోయబోయేది దాన్నే. తలుపు కీలుండే స్తంభానికీ, గొళ్లెం ఉండే స్తంభానికీ మధ్య 25 మి.మీ. చదరపు గొట్టాన్ని అడ్డంగా, ఇంకోదాన్ని ఐమూలగా వెల్డ్ చేయండి. గొట్టాలు తలుపు మూసుకునే దారికి లోపలివైపు ఉండాలి. తలుపు పెట్టి చూడకుండా కొత్త సిల్ అతికితే గుడ్డి పనే. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి.

ఆ గొట్టాలు వెల్డ్ చేయకముందే బ్యాటరీ వైరు తీసేయండి, పెట్రోలు ట్యాంకు దించేయండి, సీట్లు, కార్పెట్లు బయట పెట్టేయండి. సిల్ లోపలివైపు బ్రేకు, పెట్రోలు పైపులు ఆనుకుని పోతున్నాయేమో చూడండి. పాత రంగులో సీసం ఉండొచ్చు కాబట్టి పొడిగా గీకొద్దు, ధూళికి మాస్కు తప్పనిసరి.

ఇక విప్పుదాం. సిల్ మీది రంగునూ, కింద పూసిన నల్లటి తారులాంటి పూతనూ తీసేస్తే లోపలి అతుకుల బొంత బయటపడుతుంది. మామూలుగా కనబడేవి ఇవి. పాత సిల్ తీయకుండా దాని మీదే బిగించిన తొడుగు రేకు: దీని అంచు ముందు, వెనక రెక్కల (చక్రాల మీది రేకుల) దగ్గర ఠక్కున ఆగిపోతుంది. అసలు సిల్ చాలా కార్లలో రెక్క వెనకాలకు వెళ్తుంది, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. రివెట్లతో బిగించి గ్లాస్ ఫైబర్ అంటించిన ముక్కలు. ఇత్తడితో అతికిన ముక్కలు: ఇత్తడి తగిలిన రేకు మీద మిగ్ వెల్డింగ్ (గ్యాసు రక్షణలో తీగను కరిగించి అతికే పద్ధతి) చేస్తే అతుకు బుడగలు కట్టి పగులుతుంది, ఆ ముక్క మొత్తం కోసి పారేయడమే మార్గం. వీటన్నిటికన్నా దారుణం, సిల్ పెట్టెలో నింపిన ఉబ్బే ఫోమ్. అది నీళ్లు పట్టి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది, వెల్డింగ్ వేడికి అంటుకుంటే విషపు పొగ వస్తుంది. పొడవాటి ఉలితో, తీగ బ్రష్షుతో ఒక్క పొలుసు కూడా మిగలకుండా తవ్వి తీసేయండి.

ఒక జాగ్రత్త. అయస్కాంతం పట్టనంత మాత్రాన అదంతా పుట్టీ కాదు. కొన్ని పాత కార్లకు తయారీలోనే రెక్క అతుకుల దగ్గర సీసం పోసి నునుపు చేశారు. గీకితే వెండిలా మెరిసే మెత్తటి లోహం కనిపిస్తే ఆగిపోండి, అది అసలు పని.

పాత రేకు కోయడానికి తొందర పడొద్దు. ఫ్యాక్టరీ చుక్క అతుకులను 8 మి.మీ. స్పాట్ వెల్డ్ డ్రిల్‌తో పై రేకు వరకే తొలిచి, సన్న ఉలితో విడదీయండి. కింది రేకు దాకా తొలిస్తే అది జల్లెడవుతుంది. తుప్పు ఉన్నచోట, తుప్పు ఆగిన గీత నుంచి ఇంకో 20 మి.మీ. దాటాక కోయండి. మెరిసే ఇనుము మీద తప్ప అతుకు నిలవదు. పలచబడిన అంచు మీద వెల్డ్ చేస్తే ఒక్క క్షణంలో చిల్లు పడుతుంది. ఆ చిల్లు పూడ్చబోతే పెద్దదవుతుంది. ముందు చేసినవాళ్ల అతుకులు గడ్డలు గడ్డలుగా ఉండటానికి కారణం ఇదే.

కొత్త సిల్‌ను వెల్డ్ చేయకుండా ముందు క్లాంపులతో, చిన్న స్క్రూలతో బిగించి, తలుపు వేలాడదీసి మూయండి. సందు చుట్టూ 4 మి.మీ. అటూ ఇటూగా సమానంగా రావాలి. రాకపోతే జాకీతో ఎంత లేపితే వస్తుందో చూసి, స్టాండ్లను అక్కడ సర్ది, అడ్డగొట్టాలను కోసి మళ్లీ అతకండి. కొత్తగా కొన్న సిల్ అచ్చంగా సరిపోతుందని ఆశ పెట్టుకోవద్దు, చాలాసార్లు అంచు వంచాలి. దాని మీద వచ్చే నల్లటి పూత కూడా రవాణాకే పనికొస్తుంది, అతుకు పడే చోట దాన్ని పూర్తిగా తీసేయండి.

వరుస ఇది: నేల రేకు అంచు, లోపలి సిల్, మధ్య రేకు, చివరికి బయటి సిల్. పెట్టె మూసేలోపే లోపలివైపు ప్రైమర్ పూయాలి. రేకులు ఒకదానిమీద ఒకటి పడే అంచుల్లో వెల్డింగ్‌కు అడ్డురాని జింక్ ప్రైమర్ పలచగా వేయండి. జింక్ పొగ పీల్చకూడదు, గాలి ఆడే చోటే పని చేయండి.

1 మి.మీ. రేకుకు 0.6 లేదా 0.8 మి.మీ. వెల్డింగ్ తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ కలిసిన గ్యాసు బాగా పనిచేస్తాయి. పై రేకు అంచున 6 మి.మీ. రంధ్రాలు, 30 నుంచి 40 మి.మీ. దూరంలో వేయండి. రంధ్రం అడుగున కనబడే కింది రేకు మధ్యలో మంట మొదలుపెట్టి, చుట్టూ తిప్పుతూ నింపండి. అంచు నుంచి మొదలుపెడితే పై రేకు కరిగిపోతుంది, కింది రేకుకు పట్టదు. పైకి నున్నగా కనబడే ఆ చుక్క బోలుది. అందుకే ముందు రెండు తుక్కు ముక్కలు అతికి, ఉలితో విరగ్గొట్టి చూడండి. రేకు చిరిగి చుక్క అంటుకుని వస్తే అతుకు గట్టిది. చుక్క ఊడి శుభ్రంగా వచ్చేస్తే కరెంటు పెంచండి.

మధ్యలో ఒక చుక్క, ముందు చివర ఒకటి, వెనక చివర ఒకటి, ఇలా ఎడమెడంగా వేస్తూ రండి. వరసగా వేస్తూ పోతే వేడికి సిల్ అరటిపండులా వంగుతుంది. ప్రతి పదిచుక్కలకూ తలుపు మూసి సందు కొలవండి. పని ఆపాక ఒక గంట వరకు అక్కడి నుంచి కదలకండి. పాత పూత నిప్పు రాజుకుంటే కనబడకుండా కాలుతుంది. అగ్నిమాపక సిలిండరు చేతికందేలా ఉంచండి.

చుక్కలను పలచగా అరగదీసి, అతుకుల మీద సీమ్ సీలర్ (సందుల్లోకి నీళ్లు దూరకుండా రాసే పేస్టు) రాయండి. సిల్ అడుగున నీళ్లు కారే రంధ్రాలు మాత్రం మూసుకోకూడదు. ముందు చేసినవాళ్లు వాటినే పుట్టీతో పూడ్చి ఉంటారు, మీ సిల్ కుళ్లింది అందుకే కావచ్చు. లోపల మైనం కొట్టడం రంగు పని అయ్యాకే. ఇప్పుడు కొడితే తర్వాత పడే వెల్డింగ్‌కు మంటలు లేస్తాయి, బయటికి కారితే రంగు పట్టదు.

రెండో సిల్ కూడా అయ్యాక అడ్డగొట్టాలు కోసి, కారును చక్రాల మీదికి దించండి. మొదటి కొలతల పక్కనే కొత్త కొలతలు రాయండి. తలుపు అంచున ఉన్న పాత పుట్టీ ఇప్పుడు ఎదుటి అంచుకు తగులుతూ ఉంటుంది. దాన్ని ఇంకా గీకకండి, తలుపు కీళ్లు సర్దిన తర్వాతే ఆ పని. 4వ పాఠంలో కీళ్లతోనే మొదలుపెడదాం. అప్పటికి 80 నంబరు ఎమ్రీ కాగితం, 300 మి.మీ. పొడవున్న రుద్దుడు చెక్క సిద్ధంగా ఉంచుకోండి.