సీటు లాక్‌కైనా, వీల్‌చైర్ జాయింట్‌కైనా పేటెంట్: నల్గొండ, పాలమూరు వాళ్లు దరఖాస్తు చేసుకునే పద్ధతి

మీరు చేసిన లాక్ బాగా పనిచేస్తుందా? అయితే దాని వీడియో ఇప్పుడే యూట్యూబ్‌లో పెట్టకండి, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. దరఖాస్తు తేదీకంటే ముందే అది పదిమందికి తెలిస్తే కొత్తదనం పోయినట్టే, ఆ వీడియో మీరే పెట్టినా సరే. కొన్ని మినహాయింపులు చట్టంలో ఉన్నాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు, ముందు ఫైల్ చేసి తర్వాత చూపించుకోండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో మోకాళ్లు వంగని పెద్దమనిషిని ఆటోలో నల్గొండ ఆసుపత్రికి తీసుకుపోవాలి, దానికోసం మీరు పక్కకు తిరిగే సీటు చేశారనుకుందాం, ఆ సీటే ఊడదీసి వీల్‌చైర్ ఫ్రేమ్ మీద టక్కున కూర్చోబెట్టొచ్చు. ఇందులో మీ సొంతం ఏది? సీటు కాదు, వీల్‌చైరూ కాదు, అవి ఎప్పటినుంచో ఉన్నాయి. రెండింటినీ పట్టుకునే ఆ జాయింటే మీ సొంతం. "మెరుగైన ఆటో సీటు" అని రాసి ఫైల్ చేస్తే రేపు ఎవడో అదే లాక్‌ను ఆసుపత్రి బెడ్‌కు పెట్టి అమ్ముకుంటాడు, మీరు చూస్తూ ఉండాలి. జాయింట్‌ను మొదటి క్లెయిమ్‌గా (అంటే ఇదిగో ఇది నా సొంతం అని దరఖాస్తులో రాసే వాక్యంగా) పెట్టి, ఆ జాయింట్ ఉన్న వాహన సీటు, ఆ జాయింట్ ఉన్న వైద్య పరికరం అని కింది క్లెయిములు రాయించండి. అన్నీ ఒకే ఆలోచనతో ముడిపడి ఉంటే ఒకే దరఖాస్తులో పెట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది.

క్లెయిమ్ రాసేటప్పుడు లేత్ దగ్గర పక్క మెకానిక్‌కు చెప్పినట్టే చెప్పాలి: పిన్ ఎక్కడ దిగుతుంది, హుక్ దేన్ని పట్టుకుంటుంది, స్ప్రింగ్ ఎటు తోస్తుంది, బ్రేక్ కొట్టినప్పుడు బరువు పిన్ మీద పడుతుందా సీటు బిగించే పట్టా (రైల్) మీద పడుతుందా, గుంతల్లో ప్లే (వదులు) రాకుండా ఏం చేశారు, పిల్లలు ముట్టుకుంటే ఊడకుండా ఏం అడ్డుంది. ఎందుకంటే పేటెంట్ చట్టం 1970లో సెక్షన్ 3(ఎఫ్) అని ఒకటుంది, తెలిసిన వస్తువులను పక్కపక్కన పెట్టి ఎవరి పని వాళ్లు చేసుకునేలా అమర్చితే అది ఆవిష్కరణ కాదంటుంది. బోల్టు, స్ప్రింగ్ పాతవే అయినా ఫర్వాలేదు, అవి కలిస్తే కొత్తగా ఏం జరుగుతుందో చూపించాలి. చికిత్స చేసే పద్ధతికి 3(ఐ) కింద పేటెంట్ రాదు, పరికరానికి వస్తుంది, కాబట్టి "రోగిని ఇలా ఎక్కించాలి" అని క్లెయిమ్ చేయకండి.

ముందు ఇలాంటిది పాత పేటెంట్లలో ఉందేమో వెతకడం, అది ఫ్రీ. భారత పేటెంట్ ఆఫీసు వాళ్ల ఇన్‌పాస్, యూరప్ వాళ్ల ఎస్పాస్‌నెట్ వెబ్‌సైట్లు రెండూ చూడండి. మాటలతో వెతికితే సగం దొరకవు, వర్గీకరణ కోడ్‌తో వెతకాలి: వాహన సీట్లు బీ60ఎన్ 2, బిగించే సాధనాలు ఎఫ్16బీ, వీల్‌చైర్లు ఏ61జీ 5, సెలైన్ లాంటి ట్యూబుల కనెక్టర్లు ఏ61ఎం 39. ఒక్క సీట్ల కోడే చూసి ఆగిపోతే మీ లాక్ లాంటిదే మంచాల కోడ్‌లో కూర్చుని ఉండొచ్చు.

ఇక కాగితాలు. ఫారం 1 దరఖాస్తు, ఫారం 2 వివరణ, ఫారం 3 విదేశీ దరఖాస్తుల సంగతి, ఫారం 5 కనిపెట్టింది ఎవరన్న ప్రకటన. మీ తరఫున దరఖాస్తు నడిపే పేటెంట్ ఏజెంట్ ఉంటే, ఆయనకు అధికారం ఇచ్చే ఫారం 26 కూడా. తెలుగులో రాస్తే తీసుకోరు, ఇంగ్లీషు లేదా హిందీ. బొమ్మలు ఏ4 కాగితం మీద, భాగాలకు నంబర్లు వేసి, కొలతలు మాత్రం రాయకుండా. సారాంశం 150 పదాలు దాటొద్దు. తెలంగాణ చెన్నై ఆఫీసు కిందికి వస్తుంది, అక్కడికి పోవాల్సిన పనిలేదు, ఆన్‌లైన్‌లో డిజిటల్ సిగ్నేచర్‌తో వేయొచ్చు, హియరింగ్ కూడా వీడియోలోనే అవుతుంది.

డిజైన్ ఇంకా మారుతూ ఉంటే ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక వివరణతో దరఖాస్తు) వేసి తేదీ పట్టుకోండి, 12 నెలల్లోపు పూర్తి వివరణ ఇవ్వాలి. ఒక్క రోజు దాటినా ఆ దరఖాస్తు పోతుంది. మామూలు మనిషికి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలు, పెద్ద కంపెనీకైతే 8,000. ఇందులో 30 పేజీలు, 10 క్లెయిములు వస్తాయి, పైన ప్రతి పేజీకి 160, ప్రతి క్లెయిమ్‌కి 320.

చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుని ఊరుకుంటారు. దరఖాస్తును పరీక్ష చేయమని పేటెంట్ ఆఫీసును ఫారం 18తో మీరే అడగాలి, ఫీజు 4,000. గడువు ఇంతకుముందు 48 నెలలుండేది, 2024 మార్చి సవరణతో 31 నెలలకు తగ్గింది. పాత వీడియోలు చూసి నాలుగేళ్లుంది కదా అనుకుంటే మునిగిపోతారు. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉంటే ఫారం 18ఏ మీద, 8,000 కట్టి, తొందరగా పరీక్ష అడగొచ్చు, అయితే ఊరికే పేరు కోసం ఇంటావిడను కలిపితే హక్కులో కూడా వాటా ఇచ్చినట్టే, అది తెలిసే చేయండి. అభ్యంతరాల రిపోర్టు వస్తే జవాబుకు 6 నెలలు, అడిగితే ఇంకో 3. రిపోర్టులో "కొత్తదనం లేదు" అని ఉంటే టెన్షన్ పడకండి, దాదాపు అందరికీ మొదట అలాంటిదేదో ఒకటి వస్తుంది. వాళ్లు చూపించిన పాత పేటెంట్‌లో లేనిది మీ పిన్‌లో ఏముందో రాయాలి, అంతే.

"రెండు నెలల్లో పేటెంట్ సర్టిఫికెట్" అని ఎవరైనా ఫోన్ చేస్తే జాగ్రత్త. వాళ్లు ఇప్పించేది ఎక్కువగా డిజైన్ రిజిస్ట్రేషన్, అది ఆకారానికే గానీ లాక్ పనిచేసే తీరుకు కాదు. ఏజెంట్ పేరు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో చూసుకుని మాట్లాడండి. డబ్బు ఇబ్బందైతే పల్లె సృజన, గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటివి ఊళ్లలోని ఆవిష్కర్తలకు సాయం చేస్తాయి. అప్పటి నల్గొండ జిల్లా ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం గారు చీరల నేతకు దారం ఆసు పోసే యంత్రానికి పేటెంట్ తెచ్చుకున్నదీ, 2017లో పద్మశ్రీ అందుకున్నదీ మనకు తెలిసిందే.

విదేశంలో కూడా వేయాలనుకుంటే ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగండి, లేదా పేటెంట్ ఆఫీసు నుంచి ముందే అనుమతి తీసుకోండి. పేటెంట్ వచ్చిందంటే అమ్ముకోవడానికి పర్మిషన్ వచ్చినట్టు కాదు: వైద్య పరికరానికి 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్, బండిలో మార్పులకు మోటారు వాహన చట్టం వేరే. హక్కు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మూడో ఏడాది నుంచి రెన్యువల్ కట్టాలి, మొదట్లో మామూలు మనిషికి ఏడాదికి 800. పేటెంట్‌ను వాడుతున్నారా లేదా అని ఫారం 27లో మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి చెప్పాలి.