బాగా ఆడించినా రాత్రి పదకొండు దాకా నిద్రపోని ఆటిజం పిల్లలు: కారణం ఎక్కడ వెతకాలి?

ఆటిజం ఉన్న పిల్లలకు శారీరక శ్రమ పెరిగితే నిద్ర మెరుగవుతుందన్నది ఉత్తి మాట కాదు. హాంకాంగ్‌లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 12 వారాలు బాస్కెట్‌బాల్ నేర్పి చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఆడిన పిల్లల నిద్ర బాగుపడింది. అయినా ఇక్కడ బెంగళూరులో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది "ఈతలో చేర్పించాక నిద్ర ఇంకా పాడైందండీ" అంటారు. ఆ మాట అనేసరికే కొందరు ఈత మానిపించి ఉంటారు, కొందరు నిద్ర రావడానికి వాడే మెలటోనిన్ మాత్రలు కొని ఉంటారు. బిడ్డ ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడెప్పుడు కన్ను మూశాడో రెండు వారాలు కాగితం మీద రాసినవాళ్లు మాత్రం అరుదు. ముందు చేయవలసింది అదే.

పడుకునే వేళ, గదిలో వెలుతురు, ఫోను, టీవీ సంగతి మీరు ఇప్పటికే సర్దుకున్నారనుకుని చెబుతున్నాను.

లక్షణం: ఒళ్లు అలిసేలా ఆడాడు, అయినా రాత్రి కళ్లు మూతపడవు

కారణం: దారిలో తీసిన కునుకు. నేను చూసిన వాటిలో ఇంతగా కంటికి దొరకనిది మరొకటి లేదు.

మారతహళ్లిలో ఉండే ఒక ఏడేళ్ల బాబు విషయం చెబుతాను. బడి అయ్యాక ఊరికి ఆ చివర ఈత, అక్కణ్నుంచి క్యాబ్‌లో ఇంటికి. పగలు నిద్రపోతాడా అని అడిగితే తల్లి లేదని గట్టిగా చెప్పింది. పక్కనే కూర్చున్న అమ్మమ్మ, "మరి రోజూ చెంప మీద బెల్టు అచ్చుతో దిగుతాడు కదమ్మా" అంది. "అది నిద్రేమిటమ్మా, సిల్క్ బోర్డు కూడలి దగ్గర కాసేపు కళ్లు మూస్తాడంతే" అంది తల్లి. ఆ కాసేపు అరగంటకు పైనే ఉంది, అదీ సాయంత్రం ఆరింటికి.

పొద్దున లేచినప్పటి నుంచి నిద్ర అవసరం గంట గంటకూ పేరుకుంటూ వస్తుంది. సాయంత్రం తీసిన కునుకు దాన్ని కరిగించేస్తుంది. ఆరింటికి పునుగులు తిన్న పిల్లవాడు ఎనిమిదింటికి అన్నం వద్దన్నట్టే, ఆరింటికి కునుకు తీసినవాడు తొమ్మిదింటికి పడక వద్దంటాడు. పైగా ఆట పెంచేకొద్దీ అలసట పెరుగుతుంది, బండి ఊపుకు కునుకూ పొడుగవుతుంది. అందుకే ఆటే నిద్ర పాడుచేసిందని అనిపిస్తుంది. బడిలో శబ్దాలూ జనమూ భరించి అప్పటికే నలిగిపోయిన పిల్లలు ఇంకా త్వరగా ఒరుగుతారు. వ్యాన్‌లో ఆయా "బాబు ఈ రోజు ఎంత బుద్ధిగా కూర్చున్నాడో" అని మెచ్చుకుంటే, నిద్రపోయాడా అని తప్పకుండా అడగండి.

పరిష్కారం: వరుస మార్చండి. ముందు ప్రయాణం, తర్వాత ఆట, అదీ ఇంటికి దగ్గరలో. పేరున్న ఈతకొలను కోసం ఊరు దాటడం కన్నా అపార్ట్‌మెంట్ కింద సైకిలు, చెరువు గట్టు మీద వేగంగా నడక మేలు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేంత కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అదంతా ఒక్క విడతలోనే కావాలని లేదు. కొంత పొద్దున వ్యాన్ వచ్చేలోపు మెట్లెక్కడంలో, గెంతడంలో పూర్తి చేయవచ్చు. మార్పును, రోజు పనుల వరుస చూపే బొమ్మల పట్టీలో ముందే చూపించండి. చెప్పకుండా మారిస్తే ఆ కలతే మరో రాత్రి నిద్ర తినేస్తుంది.

ప్రయాణం తప్పకపోతే, రోజూ ఎక్కడ కన్ను మూతపడుతుందో గమనించి, ఆ చోటు రాకముందే చేతికి జంతికలో క్యారెట్ ముక్కలో ఇవ్వండి, మాటల్లో పెట్టండి. నిద్రలోకి జారాక కుదిపి లేపితే ఏడుపూ గోలా మిగులుతాయి. కునుకు తీసిన రోజున తొమ్మిదింటికే పడుకోబెట్టి రెండు గంటలు పోరాడకండి, పడకంటేనే గొడవ అని పిల్లవాడికి అలవాటవుతుంది. నిజంగా నిద్ర వచ్చే వేళకే పడుకోబెట్టి, కుదిరిన కొద్దీ ఆ వేళను పదిహేను నిమిషాల చొప్పున త్వరగా అయ్యేలా జరపండి. పొద్దున లేపే వేళ మాత్రం మార్చకండి, ఆదివారమైనా సరే. అయిదేళ్లలోపు పిల్లలకు మధ్యాహ్న నిద్ర సహజమే, భోజనం కాగానే అయితే చాలు.

లక్షణం: పడుకునే వేళకు ఇంకా ఎగురుతున్నాడు

ఆట చాలా ఆలస్యంగా ముగుస్తోంది. ఎనిమిదింటికి ఫ్లడ్‌లైట్ల కింద బ్యాడ్మింటన్ ఆడి తొమ్మిదిన్నరకు పడుకోమంటే కుదరదు. నిద్రకు రెండు గంటల ముందే ఆపండి.

లక్షణం: త్వరగానే పడుకుంటాడు, రెండింటికి లేచి కూర్చుంటాడు

ముందు మలబద్ధకం ఉందేమో చూడండి. మాటలు రాని పిల్లవాడు కడుపునొప్పి ఉందని చెప్పలేడు. నిద్రలో కాళ్లు అదేపనిగా విదిలిస్తుంటే ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష గురించి డాక్టరును అడగండి, ఐరన్ సిరప్ మీ అంతట మీరు పోయకండి. నోరు తెరిచి గురక పెడుతుంటే చెవి ముక్కు గొంతు వైద్యులు ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ వాచాయేమో చూస్తారు.

మిగతావి అరుదు. నిద్రలో ఒళ్లు బిగుసుకోవడం, కాళ్లూ చేతులూ ఒకే రకంగా కొట్టుకోవడం కనిపిస్తే ఫోనులో వీడియో తీసి నరాల వైద్యుడికి చూపించండి, ఆలస్యం వద్దు. ఏకాగ్రత కోసం మందు వాడుతున్న పిల్లలైతే, మధ్యాహ్నం వేసే మోతాదు వేళ మార్చవచ్చేమో ఆ మందు రాసిన డాక్టరునే అడగండి.