ఆఖరి రోజు సైకిల్ ఎక్కే ముందు

వారాల తరబడి ఒంటరిగా తొక్కి, ఒడిశా దాటి ఇచ్ఛాపురం చేరగానే ఇల్లు వచ్చేసినట్టే అనిపిస్తుంది. కానీ శ్రీకాకుళం ఇంకా సుమారు 130 కిలోమీటర్లు. బయలుదేరే ముందు ఇవి చూసుకోండి.

• బ్రేకులు గట్టిగా నొక్కి చూడండి. రబ్బరు అరిగితే, ‘ఈ ఒక్కరోజే కదా’ అనుకోకుండా మార్చేయండి.

• టైర్లలో గాజుముక్కలు, మేకులు ఉన్నాయేమో వెతకండి.

• తెల్లవారగానే కదలండి. అలసిన కాళ్లతో ఎండలో, 16వ నంబరు హైవే మీద లారీల పక్కన తొక్కడం ప్రమాదం. చీకటి పడేలా ఉంటే పలాసలోనో టెక్కలిలోనో ఆగిపోండి. ఇంట్లో అమ్మ ఎదురుచూస్తుందని తొందరపడొద్దు. ఫోన్ చేసి ‘రేపొద్దున వస్తానమ్మా’ అని చెప్పండి, ఆవిడ టెన్షన్ కూడా తగ్గుతుంది.

• దగ్గరని రాంగ్ రూట్‌లో అస్సలు వెళ్లొద్దు.

• రెండు సీసాల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్.

• చేతివేళ్లు తిమ్మిరిగా ఉన్నాయా? హ్యాండిల్ ఒత్తిడికి అరచేతి నరం నలిగినా అలా అవుతుంది. చేతులు మార్చి మార్చి పట్టుకోండి, తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఇల్లు చేరాక రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకండి. అందరి మధ్యా ఉన్నా ఏదో వెలితిగా అనిపించవచ్చు. అలాంటప్పుడు సాయంత్రం నాగావళి వైపు నెమ్మదిగా ఓ చుట్టు తొక్కి రండి.