మేనర్ లార్డ్‌షిప్ కొనేముందు లింకు పత్రాలు చూడండి

హైదరాబాద్‌లో ప్లాటు కొనేవారు ఈసీ తీసి, లింకు డాక్యుమెంట్లు ఒక్కొక్కటిగా సరిచూసుకున్నట్లే, ఇంగ్లండ్‌లోని మేనర్ లార్డ్‌షిప్ (మన జమీందారీ లాంటి పాతకాలపు ‘మేనర్’ ఎస్టేటుకు ప్రభువు అనే హోదా హక్కు) కొనదలచినవారు కూడా ఆ హక్కు ఎవరి నుంచి ఎవరికి, ఏ దస్తావేజు ద్వారా సంక్రమించిందో ముందుగా తేల్చుకోవాలి. 2003 అక్టోబరు 13 నుంచి అక్కడి ల్యాండ్ రిజిస్ట్రీ ఈ లార్డ్‌షిప్‌లను కొత్తగా నమోదు చేయడం లేదు కనుక, నమోదు కానివాటికి పాత దస్తావేజులు, వీలునామాలే ఆధారం.

పూర్వపు యజమానుల కోసం అక్కడి జాతీయ పత్రాల భాండాగారమైన నేషనల్ ఆర్కైవ్స్ వారి మేనర్ పత్రాల రిజిస్టరులో వెతికితే కోర్టు రోల్స్ (మేనర్ ప్రభువు పేరిట జరిగిన స్థానిక కోర్టు సభల రికార్డులు) ఎక్కడున్నాయో తెలుస్తుంది. 1733కు ముందువి చాలావరకు లాటిన్‌లోనే ఉన్నా, సభ జరిగిన తేదీ, తరచుగా నాటి ప్రభువు పేరు శీర్షికలోనే కనిపిస్తాయి కాబట్టి ఓపిక పట్టడం మంచిది. నా దృష్టిలో ఈ కొనుగోలులో అసలు విలువైన భాగం ఇదే. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో (ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల సర్వేలో) ఊరి పేరు ఉన్నంత మాత్రాన అమ్మేవారికి హక్కు ఉన్నట్లు కాదు. అమ్మకందారుతో సంబంధం లేని సొలిసిటర్ పత్రాలన్నీ చూసేవరకు బయానా ఇవ్వకండి.