పిస్టల్ స్లైడ్ చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతోందా?

ముందు మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) లాగి ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, రౌండ్ (తూటా) లేదని కళ్లతో చూసి, వేలు పెట్టి తడమండి. రౌండ్లు పక్క గదిలో పెట్టాకే పని మొదలుపెట్టండి.

స్లైడ్ లాగితే బ్యారెల్ ఊగుతోంది, మూతి పైకి లేస్తోంది

కొత్తవాళ్లకు మొదటి టెన్షన్ ఇదే. చాలా పిస్టల్స్‌లో ఇది అసలు లోపమే కాదు. కోల్ట్ 1911, 1935 నాటి బ్రౌనింగ్ హై-పవర్, దాన్ని చూసి మన ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే 9 ఎంఎం 1ఎ, గ్లాక్ 17 అన్నిట్లోనూ పేలే క్షణంలో బ్యారెల్, స్లైడ్ ఒకదానికొకటి లాక్ అయి ఉంటాయి. రెండూ కలిసి కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతాయి. ఈలోపు బుల్లెట్ బయటపడి ఒత్తిడి దిగిపోతుంది. అప్పుడు బ్యారెల్ వెనక భాగం కిందికి దిగి లాక్ వదిలేస్తుంది, స్లైడ్ ఒక్కటే వెనక్కి వెళ్తుంది. బ్యారెల్‌ను కిందికి లాగేది 1911లో ఒక చిన్న లింకు, మిగతావాటిలో బ్యారెల్ అడుగున ఉన్న ఏటవాలు కోత.

బెరెట్టా 92లో మాత్రం బ్యారెల్ వంగదు. తిన్నగా వెనక్కి వస్తుంది, దాని అడుగున ఉన్న లాకింగ్ బ్లాక్ కిందికి దిగుతుంది. వాల్తర్ పీపీకేలో లాకే లేదు, బ్యారెల్ ఫ్రేముకు బిగించి ఉంటుంది. పీపీకే బ్యారెల్ ఊగితే మాత్రం నిజంగానే కంగారు పడాలి.

స్లైడ్ ముందుకొచ్చి, పూర్తిగా మూసుకోకుండా ఆగిపోతోంది

ఎక్కువగా వచ్చే తంటా ఇదే. ఆ చివరి రెండు మూడు మిల్లీమీటర్లలో స్లైడ్ మీద పడే పని చూడండి: రౌండ్‌ను ఛాంబర్‌లోకి పూర్తిగా తొయ్యాలి, దాని అంచును ఎక్స్‌ట్రాక్టర్ (పేలాక ఖాళీ కేసును బయటికి లాగే భాగం) కొక్కెం కిందికి ఎక్కించాలి, బ్యారెల్‌ను పైకి లేపి లాక్ చెయ్యాలి. స్లైడ్‌ను ముందుకు నెట్టే రీకాయిల్ స్ప్రింగ్ బలం అన్నిటికన్నా తక్కువగా ఉండేది కూడా సరిగ్గా అక్కడే. అందుకే ఎక్కడ చిన్న రాపిడి ఉన్నా ఇక్కడే బయటపడుతుంది. అరచేత్తో కొట్టి మూయడం పరిష్కారం కాదు.

ఖాళీ పిస్టల్ స్లైడ్‌ను చేత్తో నెమ్మదిగా ముందుకు వదలండి. ఖాళీగా ఉన్నా ఆగిందంటే రౌండ్ తప్పు కాదు. లాక్ గాడుల్లో పేరుకున్న మసిగానీ, అలసిపోయిన స్ప్రింగుగానీ కారణం. బ్యారెల్ పైభాగాన్నీ, స్లైడ్ లోపలి గాడులనూ బ్రష్‌తో శుభ్రం చేసి పలచగా నూనె రాయండి. అయినా ఆగితే స్ప్రింగ్ మార్చండి.

ఖాళీగా మూసుకుని, రౌండ్ ఉన్నప్పుడే ఆగుతోందా? బ్యారెల్ విడదీసి చేతిలో పట్టుకుని ఛాంబర్‌లోకి రౌండ్ వదలండి. తన బరువుకే టక్కున దిగాలి, బోర్లిస్తే జారి పడాలి. ఏ రౌండూ సరిగా దిగకపోతే ఛాంబర్ కడగాలి, ఆ తర్వాత అందులో నూనె మిగలకుండా తుడవాలి. కొన్నే దిగకపోతే ఆ రౌండ్లను పక్కన పెట్టండి. అన్నీ చక్కగా దిగుతున్నా పిస్టల్‌లో ఆగుతున్నాయంటే ఎక్స్‌ట్రాక్టర్ చూడాలి: కొక్కెం కింద మురికి ఉండొచ్చు, 1911లో అయితే అది మరీ బిగుతుగా ఉండొచ్చు.

బ్యారెల్ మీది లాకింగ్ లగ్గుల అంచులు అరిగి గుండ్రబడ్డాయి

లగ్ (స్లైడ్‌తో లాక్ అయ్యే గట్టు) అంచు గోటికి పదునుగా తగలాలి. నున్నగా జారుతున్నా, అంచు మీద నలిగిన లోహం మెరుస్తున్నా, బ్యారెల్ పూర్తిగా దిగకముందే స్లైడ్ దాన్ని ఈడుస్తోందన్నమాట. 1911లో ముందు అనుమానించాల్సింది విరిగిన లింకును, లేదా కొలత తప్పిన లింకును. కాల్చడం ఆపేయండి. ఆకురాయి మాత్రం ముట్టుకోవద్దు, లగ్గు మీద తీసేసిన లోహం తిరిగి రాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్సు కావాలి, కాబట్టి ఆ లైసెన్సున్న పనివాడికే ఇవ్వండి.

బెరెట్టా స్లైడ్ సగంలో ఇరుక్కుంది

లాకింగ్ బ్లాక్ రెక్క విరిగి ఉండొచ్చు. బలవంతంగా లాగొద్దు. ఇరుక్కున్న పిస్టల్‌లో రౌండ్ ఉందనే అనుకుని, మూతిని సురక్షిత దిక్కుకే ఉంచి ఆర్మరర్‌కు (ఆయుధాలు బాగుచేసే పనివాడికి) అప్పగించండి. విరిగింది బ్లాకే అయితే దాన్ని మార్చాలి, అతుకు పనికిరాదు.

గురి చెదురుతోంది

స్లైడ్ మూసి, బ్యారెల్ వెనక భాగాన్ని పైనుంచి బొటనవేలితో నొక్కండి. కిందికి దిగి మళ్లీ లేస్తుంటే లాక్ వదులైంది. కదలకపోతే 1911లో మూతి దగ్గర బ్యారెల్‌ను పట్టి ఉంచే వలయం, బుషింగ్, చూడండి. అదీ బాగుంటే ఇక బ్యారెల్‌ను వదిలేసి సైట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి.