విశ్వాసుల మధ్య తగాదా వచ్చినప్పుడు పాటించవలసిన క్రమం

నల్లగొండ, పాలమూరు పల్లెల్లోని క్రైస్తవ సంఘాలలో విశ్వాసుల మధ్య వచ్చే తగాదాలు ఎక్కువగా పొలం గట్టు, బోరు నీళ్ల వంతు, చేబదులు, చిట్టీ డబ్బుల గురించే ఉంటాయి. ఇటువంటివి తేల్చుకునే వరుసను మత్తయి సువార్త 18వ అధ్యాయం 15 నుంచి 17 వచనాలు చెబుతున్నాయి. ఆ వరుసలోని మొదటి మెట్టును వదిలేసి నేరుగా పెద్దల దగ్గరికి పోవడం వల్లనే చిన్న మాట పెద్ద పంచాయితీగా మారుతున్నదని నా అభిప్రాయం.

తప్పు చేసిన సహోదరునితో ముందుగా ఒంటరిగా మాట్లాడాలని వాక్యం చెబుతున్నది కాబట్టి, అప్పటివరకు ఆ సంగతిని పాస్టరు గారి చెవిన వేయకూడదు, సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, ప్రార్థన కూటంలో మనవిగా కూడా చెప్పకూడదు. పేరు చెప్పకపోయినా, ఆ మనవి ఎవరి గురించో ఊరిలో అందరికీ అర్థమవుతుంది. బాకీ ఎంత, ఏ రోజు ఇచ్చారు, కాగితం ఏమున్నది అన్నవి ముందే రాసుకొని, అతని భార్యాబిడ్డల ఎదుట కాకుండా వేరుగా కూర్చొని మాట్లాడాలి. అతడు ముంబయికో పుణెకో పనికి పోయి ఉంటే, ఫోనులో గొడవ పడటం కంటే క్రిస్మస్‌కు ఊరికి వచ్చేదాకా ఆగడం మేలు. మీ మీదనే అతనికి విరోధం ఉన్నదని తెలిసినా ముందుగా వెళ్లవలసింది మీరేనని మత్తయి 5:23-24 చెబుతున్నది గనుక, ఎదుటివాడే రావాలని కూర్చోవడానికి ఇద్దరిలో ఎవరికీ వీలు లేదు.

అయితే ఓపికకు ఒక హద్దు ఉన్నది. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి సాధారణంగా ఉండే గడువు 3 సంవత్సరాలే కాబట్టి, మాటలు సాగుతుండగానే, ఆ గడువు దాటకముందే, బాకీ ఉన్నదని అతనితో సంతకం చేయించుకొని నోటును తిరగరాయించుకోవాలి. దీనిని అపనమ్మకంగా ఎవరూ భావించనక్కర లేదు.

అతడు వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకొని పోవాలి. మన సంఘాలలో సగం మంది చుట్టాలే గనుక మీ బావమరిదిని కాక, అతడు కూడా గౌరవించే మనిషిని ఎంచుకోవాలి. అప్పటికీ కుదరకపోతే సంఘ పెద్దలకు చెప్పాలి. పెద్దలు అతనిని ప్రభు బల్లకు, అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి, దూరంగా ఉంచవచ్చు గానీ, పెళ్లికి, చావుకు ఎవరూ పోకూడదని కట్టడి చేస్తే అది వెలి వేయడమే అవుతుంది.

సహోదరుని మీద సహోదరుడు కోర్టుకు పోవడాన్ని అపొస్తలుడైన పౌలు 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో తప్పుపట్టాడు. అందుచేత రాజీ కుదిరి దానికి చట్టబలం కావలసి వచ్చినప్పుడు, ఇద్దరూ కలిసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించి లోక్ అదాలత్‌లో దానిని నమోదు చేయించుకోవచ్చు. అక్కడ ఇచ్చే అవార్డు, అంటే రాజీ తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

ఈ క్రమమంతా సొత్తు తగాదాలకు, మాట పట్టింపులకే చెల్లుతుంది. భార్యను కొట్టడం, వరకట్నం కోసం వేధించడం వంటి నేరాలలో బాధితురాలిని ఒంటరిగా వెళ్లి మాట్లాడమనడం ప్రమాదకరం. పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్లు తెలిస్తే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడం నేరం. అది పాస్టరు గారికైనా, సంఘ పెద్దలకైనా వర్తిస్తుంది.