గేమ్ తయారీ నేర్చుకుందాం – 5: బూడిదరంగు పెట్టెల భాష

పోయిన పాఠంలో గోడలకు టెక్స్చర్ వేయడం నేర్చుకున్నాం. అసలు ఆ గోడ అక్కడే ఎందుకుండాలో నిర్ణయించేది లెవెల్ డిజైనర్. లెవెల్ అంటే గేములో ఆడే ఒక్కో అంచె. ఆర్ట్ చేసేవాళ్లు మొదట స్నేహం చేసుకోవాల్సింది వాళ్లతోనే.

లెవెల్ డిజైనర్ అంటే మ్యాపు గీసే మనిషని చాలామంది అనుకుంటారు. ఆడేవాళ్లు ఎటు చూస్తారు, ఎక్కడ ఆగుతారు, ఎక్కడ భయపడతారు, నిజానికి డిజైనర్ ధ్యాసంతా దాని మీదే. గోల్కొండకు వెళ్లినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బాలా హిస్సార్ ద్వారానికి ఎదురుగా ఒక అడ్డుగోడ ఉంటుంది. ఏనుగులు పరుగెత్తుకొచ్చి తలుపును గుద్దకుండా కట్టిన గోడ అది. ఎవరైనా దాన్ని చుట్టి వెళ్లాల్సిందే. వేగం తగ్గుతుంది, లోపలేముందో ముందుగా కనపడదు. షూటర్ గేముల్లో మలుపులు చేసే పని కూడా ఇదే.

లెవెల్‌ను మొదట రంగూ హంగూ లేని పెట్టెలతో కడతారు. దాన్నే గ్రేబాక్స్ అంటారు. చూడ్డానికి అట్టపెట్టెలు పేర్చినట్టే ఉంటుంది గానీ, ప్రతి పెట్టెకూ ఓ లెక్క ఉంటుంది: పాత్ర ఎంత ఎత్తు ఎగురుతుంది, ఎంత దూరం దూకుతుంది, వంగితే ఎంత గోడ చాటున దాగుతుంది. ఈ కొలతలే మెట్రిక్స్. పని మొదలుపెట్టే ముందే అడిగి రాసుకోండి. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో ఒకటైన అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే సెంటీమీటరు, మరొకటైన యూనిటీలో మీటరు. ఇది మర్చిపోతే తంటాలే.

మాదాపూర్‌లో ఆర్టిస్టుగా చేరిన కొత్తలో నాకొక పిట్టగోడ ఇచ్చారు, 110 సెంటీమీటర్లు. బోసిగా ఉందని పైన 20 సెంటీమీటర్ల చెక్కడపు అంచు పెట్టాను. పాత్ర చెయ్యేసి దాటగలిగేది 120 వరకే. మర్నాడు ప్లేటెస్ట్‌లో, అంటే గేమ్‌ను ఆడించి చూసేటప్పుడు, అందరూ అక్కడే ఇరుక్కుపోయారు. ఒకబ్బాయి స్పేస్‌బార్‌ను టకటకా కొడుతూనే ఉన్నాడు. లెవెల్ డిజైనర్ నా సీటు దగ్గరికొచ్చి, "అన్నా, పిట్టగోడ ఏమన్నా పెంచినవా?" అన్నాడు. అంచు తీసెయ్యమంటాడేమో అనుకున్నా. "గోడ 20 తగ్గించు, అంచు ఉండనియ్. మొత్తం 110 దాటకుంటే చాలు" అన్నాడు. ముందే అడిగి ఉంటే ఐదు నిమిషాల పని.

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్ చూడండి. మారియోను పెద్దగా చేసే తొలి పుట్టగొడుగు కుడివైపు వెళ్లి, పైపుకు తగిలి, మళ్లీ మారియో వైపే వస్తుంది. అందం కోసమని ఆ పైపును పక్కకు జరిపితే పుట్టగొడుగు వెనక్కి రాదు.

మనకు నచ్చనిది చెప్పడానికీ ఒక పద్ధతుంది. "ఇక్కడ ఇంకో తలుపు పెట్టు" అనకండి. "మెట్లెక్కాక దారి తెలియక మూడుసార్లు వెనక్కి తిరిగాను" అనండి. లోపం తలుపుది కాకపోవచ్చు, పక్కగదిలో లైటు మరీ వెలుగ్గా ఉండొచ్చు.

ఈ వారం పని: మీ గదిని కొలిచి, పెట్టెలతో గ్రేబాక్స్ చేయండి. స్నేహితుణ్ణి ఆడనిచ్చి, నోరు విప్పకుండా పక్కన కూర్చోండి. ఎక్కడ ఆగాడో ఒక కాగితం మీద రాయండి. వచ్చే పాఠంలో ఆ కాగితంతోనే పని.